చిన్న ఊరిలో పరదేశపు చదువు
(సంఘం వార్షిక సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. స్కాలర్‌షిప్పులు, ఫీజులు, కోచింగు క్లాసుల సంగతి మనం ఏటేటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి వేరే విషయం ఎత్తుకుంటున్నాం. మన సభ్యుల పిల్లల్లో కొందరు డిగ్రీలోనో ఎం.ఎస్సీ.లోనో ఉండగానే "అబ్బా, ఒక సెమిస్టరు విదేశంలో చదివి వస్తాను, పంపుతావా?" అని ఇంట్లో అడుగుతున్నారు. ఆ అబ్బా వచ్చి సంఘం ఆఫీసులో మమ్మల్ని అడుగుతున్నారు. పంపవచ్చునా? పంపితే ఎలాంటి ఊరికి? ఖర్చు ఎంత? దీన్ మాటేమిటి? వెళ్లి వచ్చిన పిల్లలతో మాట్లాడి, నియమాలు చదివి మేము తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ముందు ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. అప్పు చేసి రెండేళ్ల ఎం.ఎస్. చదువుకు వెళ్లడం వేరు, మార్పిడి విద్యార్థిగా వెళ్లడం వేరు. రెండు విశ్వవిద్యాలయాలు ముందుగా ఒప్పందం రాసుకుంటాయి. మీ పిల్లలు కొందరు మా దగ్గర, మా పిల్లలు కొందరు మీ దగ్గర, ఒక సెమిస్టరో రెండో చదువుతారని దాని సారాంశం. మన బిడ్డ పేరు ఇక్కడి రిజిస్టరులోనే ఉంటుంది. ఫీజు ఇక్కడే కడతాడు. అక్కడ చదివిన సబ్జెక్టుల మార్కులు ఇక్కడి పట్టాలో కలుస్తాయి. తిరుగు ప్రయాణం ఆ ఏర్పాటులోనే ఉంది. "పోతే ఇక రాడు" అని భయపడే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇది మనకు కొత్త కూడా కాదు. అల్లామా ఇక్బాల్ 1907 వేసవిలో జర్మనీలోని హైడల్‌బర్గ్ అనే చిన్న విశ్వవిద్యాలయ నగరంలో ఉండి ఆ భాష నేర్చుకున్నారు. ఆ ఏడే మ్యూనిక్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇచ్చింది. నెకార్ నది ఒడ్డున ఒక దారికి నేటికీ ఆయన పేరు ఉంది. 1897లో హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్ గారు బెర్లిన్‌లో అర్థశాస్త్రం చదివి, 1926లో తిరిగి వచ్చి, డబ్బు లేక కుంగిపోతున్న జామియా మిల్లియాను భుజాన వేసుకున్నారు. రాష్ట్రపతి పదవి ఆ తర్వాత నలభై ఏళ్లకు వచ్చింది. మన హైదరాబాదువారే అయిన ముహమ్మద్ హమీదుల్లా గారు ఉస్మానియాలో చదివి, 1930లలో బాన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. ఖుర్‌ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించి 1959లో ప్రచురించారు. ఈ ముగ్గురూ ఒప్పందాల మీద వెళ్లిన మార్పిడి విద్యార్థులు కారు, నిజమే. అయితే పరాయి దేశంలో చదివినంత మాత్రాన వీరిలో ఎవరూ మనకు పరాయివారు కాలేదు.

విద్యార్థుల మార్పిడికి పద్ధతిగా ఏర్పాట్లు తర్వాత వచ్చాయి. జర్మనీలో ఈ పని చూసే డాడ్ సంస్థ 1925లో ఆ హైడల్‌బర్గ్‌లోనే మొదలైంది. యూరపు దేశాలు తమలో తాము విద్యార్థులను పంపుకునే ఎరాస్మస్ పథకం 1987లో వచ్చింది. ఇప్పుడు అందులో మన దేశం వంటి బయటి దేశాల పిల్లలకూ చోటు ఉంది.

ఉదాహరణకు ఒక ఊరిని తీసుకుందాం. దక్షిణ జర్మనీలో, స్టుట్‌గార్ట్‌కు దక్షిణాన, అదే నెకార్ నది ఒడ్డున ట్యూబింగెన్ అనే పట్టణం ఉంది. జనాభా సుమారు 90 వేలు. అంటే మన లెక్కలో ఒక మునిసిపాలిటీ. విశ్వవిద్యాలయం 1477లో స్థాపించింది. దానిలో విద్యార్థులు 27, 28 వేల మంది. ఊరే విశ్వవిద్యాలయం, విశ్వవిద్యాలయమే ఊరు. ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ ఇక్కడే చదివాడు. గుట్ట మీది కోటలో పాత వంటగదిని ప్రయోగశాలగా మార్చుకుని, 1869లో మీషర్ అనే యువకుడు ఆసుపత్రి కట్ల గుడ్డల మీది చీములోని కణాల నుంచి ఒక కొత్త పదార్థం వేరు చేశాడు. మనం ఈనాడు డి.ఎన్.ఎ. అంటున్నది అదే. ఈ రోజున కృత్రిమ మేధ మీద పరిశోధన కూడా ఆ ఊళ్లో ముమ్మరంగా సాగుతోంది.

ఈ ఊరికీ మనకూ ఇంకొక సంబంధం ఉంది. ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఖుర్‌ఆన్ రాతప్రతి ఒకటి ఉంది. దాని తోలు పత్రాలను కార్బన్ పద్ధతిలో పరీక్షించి, అవి క్రీ.శ. 649, 675 మధ్య కాలానివని 2014లో ప్రకటించారు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి వఫాత్ 632లో. అంటే ఆ పత్రాల వయసు సహాబాల కాలానికి చేరుతోంది. మలయాళ నిఘంటువు రాసిన గుండర్ట్ ఇక్కడి పూర్వ విద్యార్థి. ఆయన కాగితాలు కూడా ఆ గ్రంథాలయంలోనే ఉన్నాయి. 2011లో ఇస్లామీయ ధర్మశాస్త్రానికి ప్రత్యేక కేంద్రం కూడా అక్కడ మొదలైంది. కాబట్టి అక్కడికి వెళ్లే మన బిడ్డ బొత్తిగా తెలియని చోటికి వెళ్తున్నాడని అనుకోనక్కరలేదు.

ఇక అసలు మాట. పిల్లలు లండన్, బెర్లిన్ అంటారు. మేము చిన్న ఊరు మేలంటాం. ఎందుకంటే పెద్ద నగరంలో మనవాళ్లు వేలల్లో ఉంటారు. మనవాళ్లతోనే గది, మనవాళ్ల హోటల్లోనే బిర్యానీ, మన భాషలోనే కబుర్లు. ఆరు నెలలు గడిచిపోతాయి. బిడ్డ విమానం ఎక్కి దిగాడన్న మాటే గాని ఊరు మారినట్టే ఉండదు. చిన్న ఊరు అలా దాక్కోనివ్వదు. రొట్టెల దుకాణంలో రోజూ అదే మనిషి. బస్సులో అవే ముఖాలు. క్లాసులో పక్కన కూర్చున్న పిల్లే సాయంత్రం కూరగాయల అంగడిలో ఎదురవుతుంది. మాట్లాడక తప్పదు, నేర్చుకోక తప్పదు. వాళ్లలో చాలామందికి దగ్గరగా తెలిసిన మొదటి ముస్లిం మన బిడ్డే కావచ్చు. ఆ బాధ్యత పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు, వారం రోజుల్లో తనకే తెలిసివస్తుంది.

చదువు విషయం కొంత వివరంగా చెప్పాలి. అక్కడ క్లాసు పది గంటలకని రాసి ఉంటే చాలాచోట్ల పదింబావుకు మొదలవుతుంది. అది వాళ్ల పాత ఆచారం. కాని ఆ పదింబావు దాటి ఒక్క నిమిషం ఆలస్యమైనా అందరూ తలతిప్పి చూస్తారు. పాఠం ముగియగానే విద్యార్థులు చప్పట్లు కొట్టరు, వేళ్ల కణుపులతో బల్ల మీద టకటక కొడతారు. మనవాడు మొదటి రోజు గొడవ జరుగుతోందని కంగారు పడతాడు. మార్కులు కూడా తలకిందులు. 1 అన్నిటికంటే మంచిది, 4 వస్తే గట్టెక్కినట్టు, 5 అంటే తప్పినట్టు. ఒక సెమిస్టరుకు మామూలుగా 30 క్రెడిట్లు. ఒక్కొక్కటికి 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క. క్లాసులో కూర్చున్న గంటలు అందులో కొద్ది భాగమే, మిగతాది సొంతంగా చదవాలి. సెమినారులో గురువు చెప్పింది రాసుకుని ఊరుకుంటే మెచ్చుకోరు. "మీరు చెప్పినదానితో నేను ఏకీభవించడం లేదు, కారణం ఇది" అని మర్యాదగా అనగలగాలి. మన పిల్లలకు కష్టమైన పరీక్ష ఇదే. తెలివి తక్కువై కాదు. పెద్దల ముందు నోరెత్తకూడదని మనమే పెంచాం. మర్యాద వేరు, మౌనం వేరు అని వాళ్లు అక్కడ నేర్చుకుంటారు.

ఒక చిక్కు ముందే చెబుతున్నాం. వాళ్ల శీతాకాలపు సెమిస్టరులో క్లాసులు అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు, వేసవి సెమిస్టరులో ఏప్రిల్ మధ్య నుంచి జులై చివరి వరకు నడుస్తాయి. మన క్యాలెండరుతో ఇది ఎక్కడా అతకదు. అక్కడ ఒక సెమిస్టరుకు వెళితే ఇక్కడ రెండు సెమిస్టర్లకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. అందుచేత బయలుదేరక ముందే ఏ సబ్జెక్టులు అక్కడ చదవాలి, అవి ఇక్కడ దేనికి సరిపోతాయి, హాజరు సంగతేమిటి అన్నది కాగితం మీద రాయించి, రెండు వైపులా సంతకాలు తీసుకోవాలి. నోటిమాట నమ్ముకుని వెళ్లరాదు. ఇక్కడ విభాగాధిపతి మారిపోతే ఆ నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

ఇక ఇరుగుపొరుగు. ట్యూబింగెన్ ఉన్న ప్రాంతాన్ని ష్వాబియా అంటారు. అక్కడ కేర్‌వోఖె అని ఒక ఆచారం. అంటే ఊడ్చే వారం. ఒక ఇంట్లో నాలుగు కాపురాలుంటే, వారానికొకరు చొప్పున మెట్లూ వాకిలీ ఊడ్చి తుడవాలి. ఎవరి వంతు వస్తే వాళ్ల తలుపుకు ఒక చిన్న పలక వేలాడుతుంది. ప్రొఫెసరైనా, విద్యార్థి అయినా వంతు వంతే. ఇంట్లో చీపురు పట్టని మన మగపిల్లలకు ఆ పలక మంచి ఉస్తాదు. రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారమే అన్నీ తెచ్చుకోవాలి. నీళ్ల సీసా కొంటే 25 సెంట్లు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ డబ్బు ఇచ్చేస్తారు. గదిలో దిగిన రెండు వారాలలోపు ఊరి ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. శుభ్రత ఈమాన్‌లో భాగమని మనం ప్రతి జల్సాలోనూ చెప్పుకుంటాం. దానికొక పలక తగిలించి, వంతులు వేసి, పాటించే పద్ధతి చూసి రావడం మనకు మంచిదే.

ఆ ప్రాంతంలో ఒకరినొకరు పలకరించుకునే మాట "గ్రూస్ గాట్". దేవుడు నీకు శుభం పలుకుగాక అని దాని భావం. తిరిగి వచ్చిన మన అబ్బాయి ఒకడు, "మెట్ల మీద ఎదురైన ముసలాయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు మన సలామే వినిపించేది" అన్నాడు.

దీన్ విషయంలో తల్లిదండ్రుల భయం మాకు తెలుసు. దాచకుండా చెబుతాం. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే సూర్యాస్తమయం. జొహర్, అసర్, మగ్రిబ్ మూడూ క్లాసుల నడుమ వచ్చేస్తాయి. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా పొద్దు ఉంటుంది, రాత్రి పదకొండు దాటితేగాని ఇషా వేళ కాదు, కాసేపటికే ఫజర్. అజాన్ వినపడదు కాబట్టి గడియారాన్ని తానే చూసుకోవాలి. రంజాన్ జూన్‌లో వచ్చిన 2015, 2016 సంవత్సరాలలో రోజా పద్దెనిమిది గంటలు దాటేది. ఇప్పుడు నెల వెనక్కు జరుగుతూ చలికాలంలోకి పోతోంది, పగలు చిన్నవవుతున్నాయి. 1961లో జర్మనీ, టర్కీ దేశాల మధ్య కార్మికుల ఒప్పందం జరిగిన దరిమిలా చిన్న పట్టణాలలో కూడా టర్కీవారి దుకాణాలు, నమాజు గదులు వెలిశాయి. హలాల్ మాంసం దొరుకుతుంది. విశ్వవిద్యాలయ భోజనశాలలో శాకాహారం వేరుగా రాసి పెడతారు. మిఠాయిలలో జెలటిన్, కూరలలో వైన్ ఉంటాయి, చూసుకోవాలి. విద్యార్థినులు తల మీద స్కార్ఫుతో క్లాసుకు వెళ్లడానికి నియమాల అడ్డు లేదు. అయితే బస్సులో ఎవరో ఎగాదిగా చూడటం, అద్దెగది అడిగితే పేరు విని వెనుకాడటం జరగవచ్చు. అలాంటివేవీ ఉండవని అబద్ధం చెప్పి పంపితే బిడ్డ అక్కడ రెండు విధాల దెబ్బ తింటుంది.

హాస్టలులో ఒక అంతస్తు వాళ్లందరికీ ఒకటే వంటగది. వెళ్లి వచ్చిన ఒక అమ్మాయి మాకు చెప్పిన సంగతి ఇది. మొదటివారం తన గిన్నెలు గదిలో దాచుకుని, ఎవరూ లేనప్పుడు వండుకునేదట. ఒకరోజు ధైర్యం చేసి, మేము పంది మాంసం, మద్యం ముట్టం, అందుకే నా గిన్నెలు వేరుగా పెట్టుకుంటున్నాను, మీ మీద అసహ్యం కాదు అని చెప్పింది. వాళ్లే ఒక అర ఖాళీ చేసి ఇచ్చారు. తర్వాత అందరూ కలిసి వండుకున్న రోజున ప్రతి గిన్నె పక్కన చీటీ పెట్టి, అందులో ఏమేమి వేశారో రాశారు. రంజాన్‌లో ఇద్దరు సరదాగా ఒకనాడు తనతో రోజా కూడా ఉన్నారట. "అడక్కుండా దాక్కున్నన్నాళ్లూ నేనే పరాయిదాన్ని అయ్యాను" అంది ఆ అమ్మాయి. మన సంఘం పది ఉపన్యాసాలు ఇచ్చినా చెప్పలేని మాట అది.

ఆడపిల్లను పంపడమా అని కొందరు పెద్దలు అడుగుతారు. మార్‌బుర్గ్ అని జర్మనీలోనే ఇంకొక చిన్న విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. అన్నెమారీ షిమ్మెల్ అనే జర్మన్ యువతి 1946లో, ఇరవై నాలుగేళ్లు నిండకముందే, అక్కడ ఇస్లామీయ విద్యలు బోధించింది. తర్వాత అంకారా వెళ్లి పాఠాలు చెప్పింది. ఇక్బాల్ కావ్యాన్ని జర్మన్‌లోకి తెచ్చింది. మన భాషలు, మన సూఫీ సాహిత్యం నేర్చుకోవడానికి వాళ్ల ఆడపిల్ల అంత దూరం రాగలిగినప్పుడు, వాళ్ల శాస్త్రాలు నేర్చుకోవడానికి మన ఆడపిల్ల ఆరు నెలలు వెళ్లి రాకూడదా? ఇంట్లో వాళ్ల ఇష్టం, ఆ అమ్మాయి నిబ్బరం చూసి నిర్ణయించుకోవలసిన విషయమిది. ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో తలుపు మూయవద్దని మాత్రం మనవి.

ఒంటరితనం గురించి కూడా చెప్పాలి. నవంబరు ఆదివారం, చీకటి, చలి, దుకాణాలు మూత. గట్టి పిల్లలు కూడా ఏడుస్తారు. తల్లిదండ్రులు రోజుకు నాలుగుసార్లు వీడియో కాల్ చేసి "తిన్నావా, ఎవరితో ఉన్నావు" అంటే బిడ్డ మనసు ఇక్కడే ఉండిపోతుంది. వారానికి రెండు రోజులు వేళ పెట్టుకుని నిండుగా మాట్లాడండి. మిగతా రోజులు వాళ్లను ఆ ఊరికి వదలండి.

ఇప్పుడు డబ్బు మాట. మార్పిడి విద్యార్థికి అక్కడ బోధన రుసుము ఉండదు. ట్యూబింగెన్ ఉన్న రాష్ట్రంలో మన వంటి దేశాల విద్యార్థులు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. ఒప్పందం మీద వచ్చినవారికి ఆ బాధ లేదు. విద్యార్థి సంక్షేమ చందా, ఆరోగ్య బీమా కట్టుకుంటే చాలు. అసలు అడ్డంకి బతుకు ఖర్చు. 2024 సెప్టెంబరు నుంచి అమలైన లెక్క ప్రకారం, నెలకు 992 యూరోల చొప్పున ఉండబోయే నెలలన్నిటికీ ముందే చూపించాలి. చాలామంది ఇందుకు ప్రత్యేక ఖాతాలో సొమ్ము జమ చేస్తారు. యూరో వంద రూపాయలనుకున్నా ఆరు నెలలకు ఆరు లక్షలు. ఆ డబ్బు ఎవరూ తీసుకోరు, అక్కడ నెలనెలా బిడ్డ చేతికే వస్తుంది. కాని ముందు చూపించాలి. మెకానిక్ కొడుకు, దర్జీ కూతురు ఎంపిక పరీక్షలో నెగ్గి కూడా ఇక్కడే ఆగిపోతున్నారు. చేతిలో ఎంపిక ఉత్తరం, ఇంట్లో డబ్బు లేదు. బంగారం కుదువ పెట్టి, వడ్డీకి తెచ్చి పంపే ఇళ్లూ ఉన్నాయి. అక్కడ పని చేసి తీర్చేస్తాడని లెక్క వేసుకోకండి. పనికి అనుమతి పరిమితంగా ఉంది, చిన్న ఊళ్లో పని దొరకడం కష్టం, ఆరు నెలలు చదువుకే చాలవు.

అందుకని సంఘం ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాం.

మొదటిది, ఖర్జె హసనా నిధి. వడ్డీ లేకుండా, ఎంపికైన బిడ్డకు చూపించవలసిన సొమ్ములో కొంత భాగం అప్పుగా ఇద్దాం. వచ్చి ఉద్యోగంలో చేరాక వాయిదాలలో తిరిగి కడతాడు. ఆ సొమ్ముతో మరొక బిడ్డ వెళ్తుంది. ఏటా ఒక్కరిని పంపగలిగినా మేలే. ఇచ్చేటప్పుడు ఇల్లు పెద్దదా చిన్నదా అని చూడం, మార్కులూ అవసరమూ చూస్తాం.

రెండవది, భాష. తరగతి గదిలో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు. గది యజమానితో, డాక్టరుతో, పక్కింటి అవ్వతో ఇంగ్లీషు నడవదు. ఏడాది ముందు నుంచే మొదలుపెట్టాలి. వెళ్లి వచ్చిన పిల్లలు సెలవు రోజులలో మన హాలులో నేర్పడానికి ముందుకు వస్తే సంఘం కుర్చీలూ బల్లలూ టీలూ చూసుకుంటుంది.

మూడవది, మార్పిడిలో రెండో సగం. మన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి కూడా విదేశీ విద్యార్థులు సెమిస్టరు చదువుకు వస్తుంటారు. వాళ్లూ మన పిల్లల లాగే తల్లిని వదిలి వచ్చినవాళ్లే. ఈద్ నాడు వాళ్లలో ఎంతమంది మన ఇళ్లలో షీర్ ఖుర్మా తాగారు? మన బిడ్డకు అక్కడ ఎవరైనా ఒక అర ఖాళీ చేసి ఇవ్వాలని కోరుకునే మనం, ఇక్కడ మన దస్తర్ఖాన్ మీద ఒక చోటు ఖాళీ చేయాలి. దీనికి నిధి అక్కరలేదు, పిలుపు చాలు.

వెళ్లబోయే పిల్లలకు ఒక్క మాట. మీరు తిరిగి వచ్చాక అక్కడి రోడ్ల వెడల్పు గురించి, మంచు గురించి చెబుతారు, వింటాం. దానితో ఆపవద్దు. గురువును ప్రశ్నించే మర్యాద, వంతు ప్రకారం మెట్లు ఊడ్చే పద్ధతి, ఆలస్యం కాకుండా వచ్చే అలవాటు కూడా వెంట తెండి. వాటికి కస్టమ్స్ వారు సుంకం వేయరు. మన సంఘం సమావేశాలే ముప్పావుగంట ఆలస్యంగా మొదలవుతున్నాయి. మీరు వచ్చి దిద్దవలసిన పని ఇక్కడ చాలా ఉంది.

ఖుర్‌ఆన్ అవతరణలో మొదటి ఆదేశమే చదువమని. ఎక్కడ చదవాలో హద్దు గీయలేదు. నిధి విషయం ఈ సభలోనే చర్చించి, సాధ్యమైతే ఈ రోజే మొదటి చందాలు రాయించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాం. అల్లాహ్ మన పిల్లలకు లాభించే విద్యను, క్షేమంగా వెళ్లి క్షేమంగా తిరిగివచ్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.